శూన్యమాసంలో పేరంటం

పుష్యమాసంలో ఎవరైనా పేరంటానికి పిలుస్తారా? అది శూన్యమాసం. పెళ్ళి మాట ఎత్తరు, కొత్తింట్లో పాలు పొంగించరు, కోడలిని పుట్టింటి నుంచి తెచ్చుకోవడానికి కూడా వెనకాముందాడతారు. అట్లాంటి నెలలో ఒక పొద్దున, మూడో అంతస్తులో ఉండే ఓనరమ్మ ఉదయలక్ష్మి కుంకుమ భరిణె పట్టుకుని మెట్లు దిగి, తలుపు తలుపూ తట్టి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి ఆదివారం మా ఇంటికి రమ్మని పిలుస్తోంది. కింది వాటాలో, వాకిట్లో కూర్చుని గోకరకాయలు తుంచుతున్న కిష్టమ్మకు అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది?

నిజం చెప్పాలంటే కిష్టమ్మకు అనుమానం రావడానికి శూన్యమాసమే అక్కర్లేదు. పాల ప్యాకెట్ చేతికొస్తే ముందు బరువు చూస్తుంది. కూరగాయల బండివాడు అడగకుండానే కొత్తిమీర కొసరు వేశాడంటే, ఆ రోజు కొన్న వంకాయలన్నీ కోసి లోపల చూసేదాకా ఆమెకు స్థిమితం ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో కూర్చోబెట్టి చల్లని నీళ్ళిస్తే ముట్టదు. "ఊకెనే ఎందుకిస్తడు" అంటుంది. నల్గొండ పక్క పల్లె నుంచి కొడుకు శేఖర్ వెంట ఎల్బీనగర్ వచ్చి పడ్డాక, ఈ పట్నంలో ఏదీ ఊరికే రాదని ఆమె తేల్చుకుంది. అందులో ఆమెను తప్పు పట్టాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు.

ఉదయలక్ష్మి దగ్గరకు రాగానే కిష్టమ్మ చాట పక్కకు లాక్కుని తనూ జరిగింది. భర్త రామస్వామి పోయినప్పటి నుంచి కుంకుమ భరిణె కనిపిస్తే జరగడం ఆమెకు అలవాటు. ఎవరూ జరగమని అనరు. ఆమె జరుగుతుంది, వాళ్ళు చూడనట్టు దాటిపోతారు, అంతటితో ఇద్దరి మర్యాదా నిలబడుతుంది. ఉదయలక్ష్మి కూడా అట్లాగే ఆమెను దాటి, గుమ్మంలో నిలబడ్డ కోడలు స్వప్న నుదుట బొట్టు పెట్టింది.

"ఆదివారం రెండింటికల్లా పైకి వచ్చెయ్యమ్మా. మర్చిపోయేవు."

"ఒస్త ఆంటీ" అంది స్వప్న. అని ఊరుకుందా, చటుక్కున అత్త వైపు చూసి చూపు తిప్పుకుంది. ఆ చూపు కిష్టమ్మ మనసులో ముల్లులా దిగింది.

"ఏం పేరంటం?" అని అడిగింది, ఓనరమ్మ మెట్లెక్కగానే.

"ఏదో లలితా పారాయణమంట అత్తమ్మా."

"శూన్యమాసంల ఏం పారాయణం?"

"గా ఆంధ్రోళ్ళకు ఉంటదేమో, నాకేం తెలుసు" అని నీళ్ళు నమిలి, స్వప్న లోపలికి వెళ్ళిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల షాపులో పనిచేసే పిల్ల. పొద్దుగూకేదాకా వందమందితో బేరాలాడి నెగ్గుకొస్తుంది గాని, అత్త ముందు ఒక్క అబద్ధం తిన్నగా చెప్పలేదు.

కిష్టమ్మ దగ్గర కూడా ఒక దాపరికం ఉంది. దసరా వెళ్ళిన తర్వాత ఒకనాడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పక్కన, చంక వైపుగా, చేతికి ఏదో తగిలింది. చింతగింజంత ఉంది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఏ మందుల షాపుకో పోయి గోలీ అడిగేదే. నొప్పి లేదు కాబట్టి పసుపు నూరి పట్టించింది, వేపాకు నీళ్ళు పోసుకుంది, ఒక మంగళవారం తమ ఊరి ఎల్లమ్మకు మొక్కుకుంది. అది కరగలేదు, కదలలేదు. చలికాలం కావడంతో పొద్దస్తమానం శాలువా కప్పుకుని తిరుగుతున్నా ఎవరూ ఎందుకని అడగలేదు.

చెప్పకపోవడానికి ఆమె ఆడబిడ్డ పూలమ్మ కారణం. పూలమ్మకు ఇట్లాగే వచ్చింది. పెద్ద రోగమని తెలిసిన రోజే ఆమె మంచాన్ని పశువుల కొట్టం పక్క అర్రలోకి మార్చారు. ఒక సొట్టల పళ్ళెం, ఒక చెంబు వేరు చేశారు. అన్నం తెచ్చినవాళ్ళు పళ్ళేనికి చెయ్యి తగలకుండా మీది నుంచి జారవిడిచేవాళ్ళు. పిల్లలను ఆ వైపు పోనిచ్చేవాళ్ళు కాదు. పూలమ్మ చచ్చిపోయిన రోజు కిష్టమ్మకు సరిగ్గా గుర్తు లేదు గాని, ఆ పళ్ళెం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. చావంటే కిష్టమ్మకు అంత భయం లేదు. రాత్రిళ్ళు తన మీద కాలేసుకుని పడుకునే మనవరాలు సుజనను తన పక్క నుంచి తీసేస్తారేమోనని మాత్రం భయం. ఆరేళ్ళ పిల్ల, నాయినమ్మ కొంగు నోట్లో పెట్టుకుంటే తప్ప నిద్రపోదు. ఆ పిల్ల పక్కన ఉన్నన్నాళ్ళు ఉండి, ఆ తర్వాత ఏదైతే అదయిందిలే అనుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం కిష్టమ్మ మెట్ల కింద ఉన్న నల్లా దగ్గర బకెట్ పెట్టుకుని కూర్చుంది. పైన మెట్ల మలుపులో స్వప్న, ఓనరమ్మ మాట్లాడుకుంటున్నారు. కింద మనిషి ఉన్నట్టు వాళ్ళకు తెలియదు. ఉన్నట్టు తెలియనిద్దామని కిష్టమ్మకూ అనిపించలేదు. నల్లా కట్టేసి చెవులు రిక్కించింది.

"మా అత్తమ్మకు మాత్రం తెల్వనియ్యకు ఆంటీ. తెలిసిందంటే ఇల్లు పీకి పందిరేస్తది."

"నేనెందుకు చెప్తానమ్మా. ఆదివారం డాక్టరుగారు వస్తున్నారుగా. ఏం చెయ్యాలో అన్నీ ఆవిడే విడమర్చి చెప్తారు."

"మరి పళ్ళెం? రేపు షాపు కాడ చూసి పట్టుకొస్త."

"ముందు ఒక్కటే తెచ్చి చూపించు. కాస్త గట్టిది చూడు, రోజూ అన్నం తినడానికి పనికొచ్చేట్టు ఉండాలి."

కిష్టమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. డాక్టరు, పళ్ళెం, అత్తమ్మకు తెలియొద్దు. ఇంకా విడమర్చి చెప్పాల్సింది ఏముంది? వీళ్ళకు తెలిసిపోయింది. ఎట్లా తెలిసింది అని ఆలోచిస్తే అదీ దొరికింది. మొన్నొక రాత్రి సుజన నిద్రలో చెయ్యేసి, "నాయినమ్మా, గీడ గట్టిగేందే?" అని అడిగింది. "ఆడుకునే గోటీ దాసుకున్న, పండు" అని చెప్పింది తను. పిల్ల తల్లికి చెప్పేసి ఉంటుంది. అది పసిది, దాన్ని అనుకుని లాభం లేదు. కానీ కోడలు? ముఖాన అడగొచ్చు కదా. మెట్ల మీద నిలబడి, ఊరందరికీ బొట్టు పెట్టి పిలిచి, అందరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పిస్తారా? తనకు బొట్టు పెట్టకపోవడం ఎప్పుడూ ఉన్నదే, దానికి ఆమెకు కోపం లేదు. తన సంగతి మాట్లాడుకునే చోటికి తనను తప్ప అందరినీ పిలిచారని మాత్రం కడుపు రగిలిపోయింది.

శుక్రవారం స్వప్న షాపు నుంచి వచ్చాక ఏదో సంచీ దాచినట్టు అనిపించింది. కోడలు బట్టలు మార్చుకునేంతలో కిష్టమ్మ వంటింట్లో సోదా చేసింది. బియ్యం డబ్బా వెనుక కాగితం చుట్టిన స్టీలు పళ్ళెం దొరికింది. ఒక్కటే. కొత్తది, అంచులు గట్టిగా ఉన్నాయి. వంగి చూస్తే అందులో ఆమె ముఖం కనిపించింది. మళ్ళీ కాగితం చుట్టి ఎక్కడిదక్కడ పెట్టేసింది.

ఆ పూట అన్నం సయించలేదు. కొడుకు శేఖర్ బడంగ్‌పేట్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. ఇంటికొస్తే ఫోనులోంచి తల ఎత్తడు. అతని పక్కన కూర్చుని మెల్లగా ఆరా తీసింది.

"ఏందిరా, ఆదివారం డాక్టరమ్మ ఎవరో ఒస్తున్నదంట?"

"ఏ డాక్టరమ్మ? నాకేం తెల్వదమ్మా" అన్నాడు.

నిజంగానే అతనికి ఏమీ తెలియదు. కానీ అంత తొందరగా జవాబు చెప్పాడంటే ముందే అనుకుని పెట్టుకున్నాడని కిష్టమ్మ లెక్క. కాసేపు ఆలోచించి చెప్పి ఉంటే, ఏం చెప్పాలో వెతుక్కున్నాడని అనుకునేది.

శనివారం చీకటి పడుతుండగా స్వప్న పరుపు దులుపుతూ, "ఇయ్యాల సుజన మా దగ్గర పంటది అత్తమ్మా. దానికి దగ్గు లేస్తున్నది, నీకు సుత నిద్ర పడ్తలేదు" అంది. పిల్ల ఏడ్చి నానా యాగీ చేసింది. కిష్టమ్మ మనవరాలి దుప్పటి మడిచి కోడలి చేతికిచ్చింది. పళ్ళెం వచ్చింది. పక్కా వేరైంది. ఇక అర్రలోకి మంచం మార్చడమే మిగిలింది. ఈ రెండు గదుల ఇంట్లో అర్ర ఎక్కడుంది? ఊళ్ళో ఉంది. అంటే ఊరికి పంపుతారు. అన్నీ కలిశాయి, ఒక్కటీ తప్పు పోలేదు.

ఆదివారం రెండు దాటాక బిల్డింగు ఆడవాళ్ళంతా పట్టుచీరలు సర్దుకుంటూ పైకి వెళ్ళారు. స్వప్న పిల్లను శేఖర్‌కు అప్పజెప్పి, చేతి సంచీతో గబగబా మెట్లెక్కింది. కిష్టమ్మ కాసేపు దేవుడి పటం ముందు కూర్చుంది. లేచి శాలువా బిగించింది. ఏం తీర్పు చెప్తారో తన ముందే చెప్పమందాం, తప్పు చేసినదానిలా కింద ఎందుకు కూర్చోవాలి అనుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో అంతస్తు ఎక్కింది.

ఓనరమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. పారాయణం లేదు, పాట లేదు. లోపల ఎవరో గట్టిగా, స్పష్టంగా మాట్లాడుతున్నారు. "సిగ్గుపడి దాచుకుంటేనే కష్టం. ఇంట్లో పెద్దవాళ్ళు అసలు చెప్పరు. చూపించుకునేసరికి ఆలస్యమైపోతుంది."

ఇంట్లో పెద్దవాళ్ళట. తనే. కిష్టమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

అందరూ ఒక్కసారి తలలు తిప్పారు. అన్ని నుదుళ్ళ మీదా ఎర్రగా కుంకుమ బొట్లు. స్వప్న ముఖం మాడిపోయింది. ఉదయలక్ష్మి సోఫాలోంచి సగం లేచి, "కిష్టమ్మగారూ, మీరు..." అని ఆగిపోయింది. గోడ పక్కన బల్ల మీద తాంబూలాలు, అరటిపళ్ళు ఉన్నాయి. వాటి పక్కన స్టీలు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గట్టి అంచులవి. కిష్టమ్మ వాటి వైపు చూసి, మళ్ళీ చూసింది. ఎంతమందికి పళ్ళేలు వేరు చేస్తారు వీళ్ళు?

కుర్చీలో కూర్చున్న డాక్టర్ ప్రసన్నకు ఈమె ఎవరో, ఎందుకు పిలవలేదో తెలియదు. ఆలస్యంగా వచ్చిన ఇంకొకావిడ అనుకుంది.

"రండమ్మా, రండి. మంచి టైముకే వచ్చారు" అని చేతిలో ఉన్నది ఆమెకు అందించింది.

మెత్తగా, చర్మం రంగులో ఉన్న రబ్బరు బొమ్మ. అచ్చం రొమ్ములాగే ఉంది. కిష్టమ్మ జంకి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. గదిలో నాలుగైదు అట్లాంటివి చేతులు మారుతున్నాయి. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వాటిని నొక్కి చూస్తున్నారు. ఇవి అమ్మడానికి తెచ్చారా ఏంది అని కిష్టమ్మకు కొత్త అనుమానం పుట్టింది.

"దీంట్లో గడ్డలున్నాయమ్మా. మన ఒంట్లో ఎట్లా ఉంటాయో తెలియడానికి కావాలనే పెట్టారు. మూడు వేళ్ళు దగ్గరగా పెట్టి, ఇట్లా గుండ్రంగా నొక్కుతూ వెతకండి. ఇందాకటి నుంచి వీళ్ళకు ఒక్కటే దొరికింది."

కిష్టమ్మ వెతకలేదు. ఆమె వేళ్ళకు వెతకాల్సిన అవసరం రాలేదు. దసరా నుంచి రోజూ స్నానాల గదిలో చేస్తున్న పనే.

"గిదొకటి" అంది. "గిది ఉరుకుతున్నది, ఎటంటే అటు జరుగుతది." ఇంకాస్త లోపలికి నొక్కి ఆగింది. "గిది వేరు. గిది జరగదు. గట్టిగ పట్టుకోని ఉంటది. నొప్పి సుత లేపదు. అచ్చం గసుంటిదే..."

అక్కడ ఆమె నోరు ఆగింది. కానీ ఆలస్యమైంది. నవ్వులు ఆగిపోయాయి.

"రబ్బరు బొమ్మకు నొప్పి ఉందో లేదో మనకెట్లా తెలుస్తుందమ్మా?" అని డాక్టర్ ప్రసన్న నెమ్మదిగా అడిగింది.

కిష్టమ్మ చెయ్యి శాలువా మీదికి పోయింది, ఎడమ వైపు. అప్పుడు కోడలి ముఖం చూసింది. ముఖాలు చదవడంలో కిష్టమ్మను మించినవాళ్ళు ఆ బిల్డింగులో లేరు. స్వప్న ముఖంలో దాపరికం లేదు, దొరికిపోయిన జంకు లేదు. వట్టి భయం. ఇప్పుడిప్పుడే, కళ్ళ ముందే పుట్టిన భయం. ఈ పిల్లకు ఏమీ తెలియదు. ఎవరికీ ఏమీ తెలియదు. ఇన్ని రోజులు లేని తీర్పు కోసం తను కాపలా కాసింది. కిష్టమ్మకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

స్వప్న అందరినీ దాటుకుంటూ వచ్చి అత్త మోచెయ్యి పట్టుకుంది. "ఎప్పటి సంది అత్తమ్మా?"

"దసరా అయినంక."

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"నువ్వు పళ్ళెం తెచ్చి దాసినవు గద. బియ్యం డబ్బ ఎన్క. పిల్లను సుత నా పక్కల నుంచి తీసినవు."

స్వప్నకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "వాయనాలకు అత్తమ్మా. పేరంటమని పిలిచి ఒట్టి చేతులతోని ఎట్ల పంపుతమని, ఆంటీకి చూపెట్టనీకె ఒకటి తెచ్చిన. పిల్లకు నిజంగనే దగ్గు. రొమ్ముల గురించి చెప్పే మీటింగంటే నువ్వు తిడ్తవని నీకు తెల్వనియ్యలే, అంతే."

డాక్టర్ ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్ళి చూసింది. చాలా గడ్డలు ప్రమాదం లేనివే ఉంటాయని చెప్పింది. ఇది మాత్రం పరీక్ష చేయించాల్సిందేనని, రేపే రమ్మని కూడా చెప్పింది. ఏ మాటా దాచలేదు, ఏ మాటా పెంచలేదు. కిష్టమ్మ రవిక హుక్కులు పెట్టుకుంటూ, తలెత్తకుండా అడగాల్సింది ఒక్కటే అడిగింది.

"డాక్టరమ్మా, గది పెద్ద రోగమే అయినా, పిల్ల నా పక్కల పంటే దానికి అంటుతదా?"

"అంటదమ్మా. పక్కన పడుకుంటే అంటదు, ఒక కంచంలో తింటే అంటదు, ముద్దు పెట్టుకుంటే అంటదు."

కిష్టమ్మ ఆమె ముఖాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. అబద్ధం ఎక్కడా దొరకలేదు. పూలమ్మ గుర్తొచ్చింది. ఎవరో ఒకరు ఆ రోజు మా ఇంటికొచ్చి ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది, మొదటిసారి పూలమ్మ కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆమె బయటికొచ్చేసరికి ఉదయలక్ష్మి తలుపు దగ్గరే నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"తప్పు నాదండీ. వాట్సాప్‌లో పెడితే ఇళ్ళల్లో మగవాళ్ళు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు, బొట్టు పెట్టి పిలిస్తే ఎవరూ కాదనరని తెలివిగా చేశాననుకున్నాను. మీ ముందు నుంచే దాటి వెళ్ళాను. బొట్టు పెట్టకూడదు కదా అనే చూశాను గాని, పిలవాలి కదా అని తోచనే లేదు."

"పోనియ్యి ఓనరమ్మా" అంది కిష్టమ్మ. "గీ గడ్డను మాత్రం ఎవరు బొట్టు వెట్టి పిలిచిండ్రు? దానంతట అదే ఒచ్చింది."

ఉదయలక్ష్మి ఏదో గుర్తొచ్చినట్టు గబగబా మెట్ల వైపు నడిచింది. రెండో అంతస్తులో అండాలమ్మ ఉంది, భర్త పోయిన మనిషి. ఆ తలుపు దగ్గరా కుంకుమ భరిణె ఆగలేదు. ఈసారి భరిణె బల్ల మీదే ఉండిపోయింది. ఉత్త చేతులతో వెళ్ళి ఉత్త చేతులతోనే అండాలమ్మను వెంటబెట్టుకొచ్చింది. డాక్టర్ ప్రసన్న రబ్బరు బొమ్మ మళ్ళీ చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

అంతా అయ్యాక పులిహోర పెట్టారు. కాగితపు ప్లేట్లు చాలలేదు. స్వప్న బల్ల మీది నుంచి ఒక కొత్త స్టీలు పళ్ళెం తీసి, కొంగుతో తుడిచి, నిండా పులిహోర వడ్డించుకొచ్చి అత్త ముందు పెట్టింది. కిష్టమ్మ ఆ పళ్ళెం వంక చూస్తూ కూర్చుంది, చెయ్యి పెట్టలేదు. స్వప్న ఎదురుగా కింద కూర్చుని, అదే పళ్ళెంలో అటువైపు నుంచి తినడం మొదలుపెట్టింది.

"రేపు నీ ఎంబడి నేనొస్త. షాపుల చెప్పిన."

"ఎప్పుడు చెప్పినవ్? ఇప్పటిదాక గీడనే ఉన్నవు గద."

"డాక్టరమ్మ రెండోపారి చెప్తున్నప్పుడు బయటికి పోయి ఫోన్ చేసిన. కావాల్నంటే చూసుకో."

కిష్టమ్మ ఫోను అడగలేదు. "ఇయ్యాల పిల్ల నా పక్కలనే పంటది" అంది.

"దగ్గు?"

"దగ్గుతే దగ్గనియ్యి. నేను సూసుకుంట."

"సరే అత్తమ్మా."

రేపు ఏం తేలుతుందో ఇద్దరికీ తెలియదు. కిష్టమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు తక్కువైందని, చింతపండు పాతదని మనసులోనే లెక్క తేల్చింది. తర్వాత తన వైపున్న పల్లీలన్నీ వేలితో ఏరి, కోడలి వైపుకు నెట్టింది.